ఒక మెట్టు కింద

మా ఆవిడ కామాక్షి ఇప్పటివరకు రెండువందల పైచిలుకు పరీక్షలు రాసింది. అందులో తన కోసం రాసుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ చూపు లేని పిల్లలకు రాసిపెట్టినవి. వాళ్లు జవాబు చెబుతారు, పక్కన కూర్చుని ఈవిడ రాస్తుంది. ఇరవై ఏళ్లు ఉస్మానియా క్యాంపస్‌లో ఇదే పని. దాన్ని ఎవరూ పనిగా లెక్కేయలేదు, నేనైతే అసలే లేదు.

నా పేరు సోమయాజులు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. బంధువుల్లో సగంమంది నన్ను ఇంజనీరనుకుంటారు. నేను ఎప్పుడూ కాదనలేదు. నాకు కోపం ఎక్కువ, పట్టుదల అంతకంటే ఎక్కువ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కామాక్షి తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు, అందుకని నేను చెబుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇరవై ఏళ్లుగా చేసుకొస్తున్న ఆ పనిని ఆపించింది నేనే.

మాది కోనసీమ. కామాక్షి వాళ్లదీ ఆ పక్కే గానీ, ఆవిడ పుట్టిందీ పెరిగిందీ వారాసిగూడలో. వాళ్ల నాన్న సికింద్రాబాదులో తపాలా ఉద్యోగి. కామాక్షికి మా అమ్మతో మాట్లాడితే గోదావరి యాస, కూరగాయల బండి దగ్గర వారాసిగూడ యాస. రెండూ ఒకే నోట్లో పోట్లాడుకోకుండా ఉండేవి. ఎనభై రెండులో ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైంది. డిగ్రీలో చేరడానికి ఫారం తెచ్చుకున్న వారానికే నా సంబంధం వచ్చింది. "పెళ్లయ్యాక చదివించండి బాబూ" అని మామగారు అడిగారు. "దానికేముందండీ, చూద్దాం" అన్నాను. మా ఇంట్లో చూద్దాం అంటే ఏమిటో ఆయనకి తెలియదు పాపం.

కాపురం తార్నాకలో పెట్టాం. మా అమ్మ మందులు, నా క్యారేజీ, మా అమ్మాయి సుధామయి బడి, వీటితోనే ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. మా మేడ మీద నిలబడితే క్యాంపస్ చెట్లు కనిపించేవి. కామాక్షి బట్టలు ఆరేసి అటే చూస్తూ కాసేపు నిలబడేది. ఎండలో ఏం చేస్తున్నావని నేను కింద నుంచి కేకేసేవాణ్ణి.

రెండువేల నాలుగులో సుధామయి ఇంజనీరింగ్ చదువుకి హాస్టలుకి వెళ్లింది. ఇంట్లో పని తగ్గి కామాక్షి పొద్దున్నే క్యాంపస్‌లో నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్టు కింద సిమెంటు బల్ల మీద ఒక అమ్మాయి తెల్ల కర్ర ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న స్నేహితురాలి మీద కసురుకుంటోంది. వారంలో పరీక్ష, రాసిపెట్టే మనిషి దొరకలేదు. కామాక్షి ఆగింది. అడుగుల చప్పుడు ఆగేసరికి ఆ అమ్మాయి ఇటు తిరిగింది.

"ఎవరు?"

"ఊరికే నడకకొచ్చానమ్మా. ఏమైంది?"

"మీరేం చదివిన్రు మేడమ్?"

ఈ ప్రశ్నంటే కామాక్షికి భయం. పెళ్లిళ్లలో ఎవరైనా అడుగుతారనిపిస్తే ముందే లేచి వంటల దగ్గరికి వెళ్లిపోయేది. మెల్లిగా, "ఇంటరేనమ్మా" అంది.

"ఇంటరేనా? ఆ తర్వాత ఏం చదవలే గద?"

"లేదమ్మా."

"డిగ్రీ గిట్ల ఏం లేదు గద? పక్కానా?"

"లేదంటున్నాను కదమ్మా."

"దేవుడు పంపిండు మిమ్మల్ని" అని ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. ఆ పిల్ల పేరు జ్యోతిర్మయి. అప్పుడు బీఏ మొదటి ఏడు.

ఈ పనికి ఒక నియమం ఉందట. రాసిపెట్టేవాళ్ల చదువు, జవాబు చెప్పేవాళ్ల చదువుకంటే ఒక మెట్టు కింద ఉండాలి. బీఏ పిల్లలకి ఇంటర్‌తో ఆగినవాళ్లే రాయాలి. లేకపోతే జవాబు ఎవరిదో తెలియదని పరీక్షలవాళ్ల భయం. ఇంటర్ దాటి డిగ్రీలో ఉన్న పిల్లలు రాయొచ్చు గానీ, అవే రోజుల్లో వాళ్ల పరీక్షలూ ఉంటాయి. ఇంటర్‌తో ఆగిపోయి, అక్షరం కుదురుగా ఉండి, పిలిచిన వేళకి వచ్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? కామాక్షి ఆ సాయంత్రం ఇదంతా నాకు చెప్పింది. నేను వార్తలు చూస్తూ విన్నాను. "అంటే నీకు చదువు లేకపోవడమే అర్హతన్నమాట" అని నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నియమం సంగతి నేను అక్కడితో మరిచిపోయాను.

జ్యోతిర్మయితో మొదలైంది, తరువాత ఒకరి ద్వారా ఒకరు వచ్చారు. మా ఇంటి గేటు దగ్గర కర్ర టకటకమంటే కామాక్షి పొయ్యి కట్టేసి వెళ్లేది. పాఠాలు చదివి మొదట్లో క్యాసెట్లలో, తరువాత ఫోన్లలో రికార్డు చేసిచ్చేది. పరీక్షలో ఆవిడ పద్ధతి ఆవిడది. ప్రశ్న మూడుసార్లు చదువుతుంది, మూడూ ఒకే గొంతుతో. అరగంట గడిస్తే బల్ల మీద వేలితో రెండుసార్లు తడుతుంది. ఒక మాట కలపదు, ఒక మాట వదలదు. "నోరు నీది, చెయ్యి నాది" అని ప్రతి కొత్త పిల్లకీ మొదటిరోజే చెబుతుంది.

ఒకసారి ఒక కుర్రాడు రాష్ట్రపతి అధికారాలు అడిగితే గవర్నరువి చెప్పాడు. తప్పని కామాక్షికి తెలుసు. అలాగే రాసింది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయింది.

"చిన్నగా చెవిలో వేయాల్సింది" అన్నాను.

"అప్పుడది వాడి పరీక్ష కాదండీ" అంది.

నాకిదంతా విడ్డూరంగా ఉండేది. ఎవరైనా ఇంటికొస్తే, "మా ఇంట్లో ఒక రాతకూలీ ఉంది, పనిమంతురాలు" అనేవాణ్ణి. కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి కామాక్షి వినేది.

జ్యోతిర్మయికి రాయడం మొదలుపెట్టిన ఏడే తనూ దూరవిద్యలో బీఏకి కట్టింది. నేను అడ్డు చెప్పలేదు, అది నా గొప్పేనని చాలాకాలం అనుకున్నాను. మూడేళ్లూ అన్ని పేపర్లూ ఒక్కసారికే పాసైంది. ఆఖరి ఏడు ఆఖరి పేపరుకి మాత్రం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదంటే తల నొప్పి అంది. మళ్లీ ఏడు కట్టమంటే చూద్దాం అంది. మా ఇంటి మాట మాకే అప్పజెప్పింది. ఆ ఒక్క పేపరూ అలాగే పదిహేడేళ్లు ఉండిపోయింది. ఏ పెళ్లికి వెళ్లినా నాకదొక వేడుక. "మా ఆవిడ ముప్పాతిక గ్రాడ్యుయేటండీ, ఒక్క పేపరు భయపడి వదిలేసింది" అని అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆవిడ తల వంచుకుని విస్తట్లో అన్నం కలుపుకునేది.

నేను రిటైరైన దగ్గర్నుంచి తార్నాక మీద నాకు కోపం మొదలైంది. పాల ప్యాకెట్టు కోసం రోడ్డు దాటాలంటే పావుగంట. మెట్రో స్తంభాలు, హారన్లు, వేసవి వస్తే నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపు. మనకెందుకీ నరకం, మన ఊరు వెళ్లిపోదాం అని రోజూ పాడిందే పాట. మన ఊరంటే నా లెక్కలో కాకినాడ, కుర్రతనంలో నేను చదువుకున్న ఊరు. సుధామయి విశాఖలో బ్యాంకులో చేస్తోంది, దగ్గరవుతుంది. సముద్రపు గాలి, వెడల్పాటి వీధులు, చిన్న ఊరు, పొద్దున్నే ఇడ్లీలు. భానుగుడి దగ్గర కొత్తగా కట్టిన ఫ్లాటు కొన్నాను. ప్లాను మీద గీతలు చూసి ఏ గదిలో ఏ బీరువా పెట్టాలో స్కేలు పెట్టి గీసి కామాక్షికి చూపించాను. ఆవిడకి మన ఊరంటే వారాసిగూడ అని నాకు తట్టలేదు.

ఆవిడ వద్దనలేదు. ఒక్కటే అడిగింది. "భాగ్య పరీక్షలయ్యాక వెళదామండీ."

భాగ్య అప్పటికి బీఏ ఆఖరి సెమిస్టరులో ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. జనగామ దగ్గర పల్లె. తండ్రి బుచ్చిరాములు వ్యవసాయం చేస్తాడు. మాణికేశ్వర్ నగర్‌లో మేనత్త కాశమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. బీఏ పాసైతే బీఈడీ చేసి టీచరు కావాలని ఆ పిల్ల పట్టు. ఈసారి పాసైతే చదువు, లేకపోతే ఇంటికొచ్చెయ్యమని తండ్రి మాట. మొదటి ఏడు నుంచీ కామాక్షే రాస్తోంది. ఆ పిల్లకో అలవాటు ఉంది. బాగా వచ్చిన ప్రశ్న ముందు చెబుతుంది, సాధారణంగా ఆఖరిది. తరువాత మధ్యలోది. మొదటి ప్రశ్నకి చివర్లో వస్తుంది. కామాక్షికి అది అలవాటే.

పరీక్షలు ఏప్రిల్ మొదట్లో అన్నారు. వాయిదా పడ్డాయి. క్యాంపస్‌లో పరీక్ష వాయిదా పడటం వార్త కాదు, అనుకున్న రోజుకి జరిగితేనే వార్త. కొత్త తేదీ ఏప్రిల్ ఇరవై ఆరు. నా గృహప్రవేశం ముహూర్తం ఇరవై నాలుగు. అది తప్పితే మూఢం, మూఢం వెనకే ఆషాఢం, మళ్లీ శ్రావణం దాకా ముహూర్తం లేదు. తార్నాక ఇల్లు అప్పటికే అమ్మేశాం, నెలాఖరుకి ఖాళీ చేయాలి.

"పాలు పొంగించి ఆ రోజే రైలెక్కి వచ్చేస్తాను" అంది కామాక్షి.

"మూడు నిద్రలు చేయొద్దూ? కొత్త ఇల్లు. నిద్ర చేయకుండా గడప దాటితే ఏం బాగుంటుంది" అన్నాను.

"శాస్త్రిగారిని ఒక్కసారి అడగండి."

శాస్త్రిగారు కాకినాడలో మా పురోహితుడు. ఆవిడ ముందే ఫోన్ చేశాను. ఆవిడ వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది. ఆయన మాట నాకొక్కడికే వినపడింది.

"పాలు పొంగించడానికి ఇద్దరూ పీటల మీద ఉండాలండీ. నిద్రకి ఒక్కరున్నా చాలు. అమ్మగారికి పనుంటే వెళ్లి రమ్మనండి, దోషం లేదు."

ఫోన్ పెట్టేశాను. "ఏమన్నారు?" అంది కామాక్షి.

"ఇద్దరూ ఉండాల్సిందేనట" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పుడు దాచను. ఆవిడ ఒకసారి తిరిగి తార్నాక వెళితే మళ్లీ రాదని నా భయం. భాగ్య పరీక్ష తరువాత ఇంకొకరి పరీక్ష ఉంటుంది. ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. నేను పుట్టిన జిల్లాయే గానీ కాకినాడలో నాకు పలకరించే మనిషి లేడు, నలభై ఐదేళ్ల కింద వదిలేసి వచ్చినవాణ్ణి. ఆ ఫ్లాటులో ఒక్కణ్ణీ పడుకోవాలంటే నాకు భయం వేసింది. ఆ ముక్క నోరు విడిచి చెప్పి ఉంటే ఆవిడ ఏదో ఒక దారి చూసేది. అరవై ఆరేళ్ల మగవాడు భయమని ఎలా చెబుతాడు? శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నాను.

కామాక్షి రెండు రోజులు వెతికి లాలాపేట నుంచి అమల అనే అమ్మాయిని పట్టుకొచ్చింది. ఇంటర్ పాసై ఒక బట్టల కొట్లో పనిచేస్తోంది. మంచిపిల్ల, చేతిరాత బావుంది. ఒకసారి మనిషి పేరు రాసిస్తే మధ్యలో మార్చడానికి వీల్లేదు కాబట్టి అన్ని పేపర్లకీ అమలే. అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని కామాక్షి ఆ పిల్లకి మూడు గంటలు అన్నీ చెప్పింది. గొంతు ఎలా ఉండాలి, బల్ల ఎలా తట్టాలి, అక్షరం తెలియకపోతే ఎలా అడగాలి. భాగ్య పక్కనే కూర్చుని వింది.

"ఫికర్ చేయకుండ్రి ఆంటీ, మేం రాసుకుంటం" అంది భాగ్య. వెళ్లేటప్పుడు కామాక్షి మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇరవై నాలుగున పాలు పొంగాయి. అందరూ శకునం బాగుందన్నారు. ఇరవై ఆరు పొద్దున్న కామాక్షి బాల్కనీలో కుర్చీ వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంది. మూడు గంటలూ, పైన వాళ్లకిచ్చే అదనపు గంటా అయ్యేదాకా లేవలేదు. కుర్చీ చేతి మీద అరగంటకోసారి వేలితో రెండుసార్లు తట్టడం లోపల్నుంచి చూశాను. మధ్యాహ్నం భాగ్య ఫోన్ చేసి, మంచిగనే రాసినం ఆంటీ అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నా అబద్ధానికి ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

కాకినాడలో మొదటి నెల నేను వీధుల్లో తిరిగి అలిసిపోయాను. ఊరు నేను వదిలి వెళ్లిన ఊరు కాదు. నన్ను చూసి ఎవరూ ఎప్పుడొచ్చావురా అనలేదు. కామాక్షి పొద్దున్నే లేచి నడక బూట్లు తుడిచి, ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ అరలో పెట్టేసేది. గేటు దగ్గర చప్పుడైతే పొయ్యి కట్టేసేది. ఆవిడని చూస్తే నాకు లోపల ఏదో గుచ్చుకునేది గానీ, అలవాటు పడుతుందిలే అని సరిపెట్టుకున్నాను.

అప్పుడే పేపర్లో చూశాను. దూరవిద్య పాత బ్యాచ్‌లవాళ్లకి మిగిలిన పేపర్లు రాసుకోవడానికి ఆఖరి అవకాశమట. "ఇక్కడ నీకు పనేముంది, రాసి పారెయ్" అన్నాను. ఆవిడ చాలాసేపు ఆ ప్రకటన చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఇంక నాతో ఎవరికీ అవసరం ఉండదు కదండీ?" అంది.

"ఎవరికుంటుంది? హాయిగా రాసుకో."

జూన్‌లో రాసింది. జులైలో భాగ్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మిగతావన్నీ పాసైంది, మొదటి పేపరు పోయింది. అమలని గట్టిగా అడిగితే ఏడుస్తూ చెప్పిందట. భాగ్య ముందు ఆఖరి ప్రశ్న జవాబు చెబితే అమల దానికి ఒకటో నంబరు వేసింది. తరువాత చెప్పినదానికి రెండు. అలా వరసగా వేసుకుంటూ పోయింది. ప్రశ్నపత్రంలో ఉన్న నంబరు వేయాలని ఆ పిల్లకి తెలియదు. రెండో పేపరు రోజు పర్యవేక్షకురాలు చూసి సరిదిద్దింది, మొదటిదాని సంగతి చెప్పడానికి అమలకి భయం వేసింది. దిద్దినవాళ్లకి ప్రతి ప్రశ్న కిందా వేరే జవాబు కనిపించింది.

"నేను అది చెప్పలేదండీ. నంబరు సంగతి చెప్పాలని నాకు తోచనే లేదు" అంది కామాక్షి. వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. కాసేపాగి, "నా పేపరు పోతే బావుండును" అంది.

"శుభం పలకరా మంకెన్నా అంటే... అవేం మాటలు?" అని కసిరాను.

ఆగస్టులో ఆవిడ పాసైంది. నేను కాజాలు తెచ్చి అపార్ట్‌మెంటులో ఇంటింటికీ పంచాను. "చూశావా, తార్నాకలో పదిహేడేళ్లు కానిది కాకినాడలో మూడు నెలల్లో అయింది. ఊరు మారితే దశ మారుతుందన్నానా" అన్నాను. ఆవిడకి ఇస్తే చేతిలో పట్టుకుంది. సాయంత్రం చూస్తే ఆ కాజా గిన్నెలో అలాగే ఉంది, చీమలు పట్టి. సంతోషం పట్టలేక మరిచిపోయిందనుకున్నాను. నాలాంటి మనిషికి అంతకంటే ఏం తోస్తుంది?

నవంబరులో పింఛనువాళ్లు బతికున్నామని కాగితం ఇచ్చుకోవాలి. కాకినాడలో కూడా ఇవ్వొచ్చట. నేను తార్నాక బ్యాంకులోనే ఇస్తానని పట్టుబట్టి రైలెక్కాను. అసలు సంగతి, ఆ చౌరస్తా చూడాలనిపించింది. హారన్లు వింటే ప్రాణం లేచొచ్చింది, సిగ్గు కూడా వేసింది. పని చూసుకుని, కాజాల పొట్లం పట్టుకుని మధ్యాహ్నం క్యాంపస్‌కి నడిచాను. ఆర్ట్స్ కాలేజీ ఎదుట అదే సిమెంటు బల్ల మీద భాగ్యా, జ్యోతిర్మయీ కూర్చుని ఉన్నారు. జ్యోతిర్మయి ఇప్పుడు సర్కారు బళ్లో టీచరు. వీలున్నప్పుడల్లా వచ్చి కొత్త పిల్లలకి పాఠాలు చెబుతుంది.

"అంకుల్, డిసెంబర్ల సప్లిమెంటరీ ఉన్నది" అంది భాగ్య, నా గొంతు వినగానే. "గీ ఒక్కసారి చూస్తనన్నడు మా నాయిన. ఆంటీ వస్తరా?"

"రాకేం, నేనే తీసుకొస్తాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత సంతోషంగా ఉందో. చేసిన తప్పు దిద్దుకునే దారి దొరికిందనుకున్నాను.

జ్యోతిర్మయి కర్ర ఒళ్లోకి తీసుకుంది. తరువాత, "మేడమ్ డిగ్రీ పాసయిన్రు గద సార్" అంది.

"అవునమ్మా, అందుకే ఈ కాజాలు."

"ఇగ బీఏ వాళ్లకు రాయరాదు సార్. ఒక మెట్టు కిందుండాలె గద. ఎంఏ వాళ్లకైతే రాయొచ్చు, వాళ్లకు మస్తుమంది దొరుకుతరు."

ఇరవై ఏళ్ల కింద వార్తలు చూస్తూ విన్న నియమం అప్పుడు బుర్రకెక్కింది. నేను బల్ల చివర కూర్చున్నాను.

"గా ఆఖరి పేపర్ రోజు నాకెర్కనే సార్" అంది జ్యోతిర్మయి. "నాకు అప్పుడు రెండు పేపర్లు బాకీ ఉండె. మీ పరీక్ష రాసి రాండ్రి మేడమ్ అన్న. నేను పాసైతే నీకెవరు రాస్తరే అన్నరు. నాది అయిపోయినంక ఇంకో పిల్ల వచ్చె. గట్లనే నడిచింది. మీకు చెప్పొద్దన్నరు, నవ్వుతరని."

నవ్వుతాననే. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పంక్తుల్లో నవ్వించాను. భయపడి వదిలేసిందని చెప్పి నవ్వించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి కూడా పట్టుకోవడానికి ఆకులుంటాయి, నాకు అవీ లేవు. ఆవిడ పదిహేడేళ్లు కాపాడుకున్నదాన్ని పోగొట్టి, ఇంటింటికీ మిఠాయి పంచాను.

"మరి ఇప్పుడు ఎవరు రాయాలి?" అన్నాను చివరికి.

"దొరకలే సార్. ఇంటర్ అయినా, ఐటీఐ అయినా సరే. డిగ్రీ ఉండొద్దు, అంతే."

నేను గొంతు సవరించుకున్నాను. "నాది ఎస్సెల్సీ, ఆపైన రెండేళ్లు ఐటీఐ. అంతే."

"మీరు ఇంజనీర్ గద సార్?"

"కాదమ్మా. ఎప్పుడూ కాదు." ఆ మాట పైకి అనడం నా జీవితంలో అదే మొదలు.

భాగ్య కొంచెంసేపు ఆలోచించింది. "మీకు మాట ఆగదని ఆంటీ అంటరు గద అంకుల్. మధ్యల ఏమనరు గద?"

"ఏమనను."

అప్పుడే ఆ పిల్లకి శాస్త్రిగారి సంగతి చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆ బల్ల మీద నుంచే కామాక్షికి ఫోన్ చేశాను. డిసెంబరు పరీక్షకి నేను రాస్తానని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు. ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది.

"ప్రశ్న మూడుసార్లు చదవండి, ఒకే గొంతుతో. అరగంటకి బల్ల తట్టండి. పత్రంలో ఏ నంబరుంటే అదే వేయండి. తప్పు చెప్పినా అలాగే రాయండి. మీరు ముఖం మాడ్చుకుంటే తనకి కనపడదు గానీ, నిట్టూరిస్తే వినపడుతుంది."

"సరే."

"చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క మింగకూడదు. మీకు అదొక్కటే కష్టం."

"నేనంత తెలివితక్కువవాణ్ణా?"

"తెలివి సంగతి కాదు. శాస్త్రిగారు చెప్పింది మీరు నాకు చెప్పినట్టు చెప్పలేదుగా."

చుట్టూ పిల్లలు తిరుగుతున్నారు. భాగ్య పక్కనే కాజా పొట్లం విప్పుతోంది. ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"శ్రావణ శుక్రవారం వ్రతానికి వచ్చినప్పుడు ఆయనే అడిగారు. ఒక్కరుంటే చాలన్నాను కదమ్మా, పరీక్షకి వెళ్లలేదేం అని" అంది కామాక్షి. గొంతులో కోపం లేదు. ప్రశ్న చదివి వినిపించే గొంతు అది.

శ్రావణం అంటే ఆగస్టు. అంటే మూడు నెలలుగా ఆవిడకి తెలుసు. తెలిసే నాకు కాఫీ ఇచ్చింది, మందులు వేసింది, ఈ ప్రయాణానికి చొక్కా ఇస్త్రీ చేసింది.

"తప్పు చేశాను కామాక్షీ. నువ్వు తిరిగి రావేమోనని భయం వేసింది" అన్నాను.

అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు వినపడింది.

"వచ్చేదాన్నండీ" అంది. ఆ తరువాత, "పెన్నులు రెండు తీసుకెళ్లండి, ఒకటి మధ్యలో ఆగిపోతుంది" అంది. పరీక్షకి ముందురోజే వెళ్లమంది, ఆ రాత్రికి మాణికేశ్వర్ నగర్‌లో భాగ్య మేనత్త కాశమ్మగారింట్లో ఉండమంది. తార్నాకలో మాకిప్పుడు ఇల్లు లేదు.